చూద్దాంగారికి ఏమీ లేదు

ఆ ఆదివారం ఉదయం చూద్దాంగారి కార్యక్రమం చాలా చిన్నది. బాత్రూములో కుళాయి కారుతోంది, దానికి వాషరు మార్చాలి. తర్వాత క్షవరం, తర్వాత భోజనం, ఆ తర్వాత నిద్ర. నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల విభాగానికి హెడ్‌క్లర్కు అయిన మనిషి ఇంట్లోనే కుళాయి కారడం ఏం బాగుంటుందని, లెక్కల టీచరైన ఆయన భార్య చాలాకాలంగా అంటోంది. ఆయన చాలాకాలంగా "చూద్దాం" అంటున్నాడు.

ఆయన ఉద్యోగమంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది. వీధిలో నీళ్ళు రావడం లేదని ఎవరైనా వస్తే చూద్దాం అనేవాడు. వచ్చిన నీళ్ళు ఆగడం లేదని వచ్చినా చూద్దాం అనేవాడు. ఒకరిని కసరడం గానీ, కాదనడం గానీ ఆయన ఎరగడు. ఫిర్యాదులు ఆయన బల్ల మీదే వయసు మీరి, వాటంతట అవే చల్లారిపోయేవి. తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతాల పట్టీలో తప్ప మరెక్కడా వాడకంలో లేదు. ఆఫీసులో చిన్నా పెద్దా అందరికీ ఆయన చూద్దాంగారే.

వాషరు తేవడానికి చెప్పులు వేసుకుంటుండగా బావమరిది వచ్చాడు. ఈ బావమరిది ఇదివరకు నీళ్ళ ఫిల్టర్లు అమ్మాడు, తర్వాత ఇన్సూరెన్సు పాలసీలు అమ్మాడు, ఈ మధ్యే ఒక స్కానింగ్ సెంటరులో చేరాడు. ఏది అమ్మినా ముందు భయం అంటగట్టి, ఆ తర్వాతే సరుకు బయటికి తీసేవాడు. ఇప్పుడు అతని చేతిలో నున్నటి రంగుల కాగితం ఒకటి ఉంది. దాని మీద తెల్లజుట్టు దంపతులు పచ్చికలో నిలబడి ఎందుకో పగలబడి నవ్వుతున్నారు.

"బావా, నువ్వు ఒళ్ళంతా స్కాన్ చేయించుకో," అన్నాడు కూర్చోకముందే. "తల నుంచి కాలిదాకా. కాసేపు కదలకుండా పడుకుంటే చాలు."

"నాకేమీ లేదుగా."

"ఏమీ లేదని నీకెలా తెలుసు?"

చూద్దాంగారు ఆలోచించాడు. ఆకలి వేస్తోందనీ, నిద్ర పడుతోందనీ, ఆఫీసు మెట్లెక్కినా ఆయాసం రావడం లేదనీ చెప్పుకున్నాడు.

"అదీ సంగతి," అన్నాడు బావమరిది గొంతు తగ్గించి. "అసలైన జబ్బు లోపల పెరుగుతున్నప్పుడు పైకి ఒక్క లక్షణం కూడా కనపడదు బావా. నీకేమైనా లక్షణాలున్నాయా?"

"లేవు."

"చూశావా మరి."

ఈ వాదనలో ఎక్కడో మెలిక ఉందని చూద్దాంగారికి అనిపించింది గానీ, అదెక్కడుందో దొరకలేదు. భార్యను అడిగాడు. ఆవిడ పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ తల ఎత్తకుండానే, వెళ్తే వెళ్ళమనీ మానేస్తే మానేయమనీ, ముందు మాత్రం కుళాయి సంగతి తేల్చమనీ అంది. చూద్దాంగారు కుళాయి వైపు ఒకసారి, రంగుల కాగితం వైపు ఒకసారి చూసి, రెంటికీ కలిపి అలవాటైన మాటే చెప్పాడు. బావమరిది కాగితాన్ని బల్ల మీద వదిలేసి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం నిద్ర పట్టలేదు. ఇన్నేళ్ళూ ఆయన కడుపు తన పని తాను చేసుకుపోతుంటే ఆయన ఏనాడూ పలకరించిన పాపాన పోలేదు. ఇప్పుడది గురగురమంటే లేచి కూర్చున్నాడు. కాసేపటికి అది మానేసింది. ఎందుకు మానేసిందా అని మరికాసేపు కూర్చున్నాడు.

సొంతంగా ఏదీ తేల్చుకోలేని మనిషికి పదిమందిని అడగడమే దారి. మర్నాడు ఆఫీసులో పక్క బల్ల దగ్గరికి వంగాడు. అక్కడ టైపిస్టమ్మ కూర్చుంటుంది. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చినా ఆవిడ పేరు మాత్రం మారలేదు. మెత్తటి మనసు. ఆ నీటి సరఫరా ఆఫీసు మొత్తంలో అడగ్గానే నీళ్ళు వచ్చేది ఆవిడ కళ్ళలో ఒక్కచోటే. ఏ రోగమూ లేకుండా స్కాన్ మాట ఎత్తడం సిగ్గనిపించి చూద్దాంగారు గొంతు బాగా తగ్గించాడు. కొంప ముంచింది ఆ గొంతే.

"మీకు తెలిసినవాళ్ళెవరైనా ఒళ్ళంతా స్కాన్ చేయించుకున్నారా అండీ?"

టైపిస్టమ్మ వేళ్ళు ఆగిపోయాయి. "ఎవరికండీ?"

"నాకేలెండి. ఇంకా ఏదీ తేలలేదు. ఎవరితోనూ అనకండి."

టైపిస్టమ్మ మాట తప్పే మనిషి కాదు. స్టోర్‌కీపరుతో చెప్పేటప్పుడు కూడా పేరు బయటపెట్టలేదు. మన ఆఫీసులోనే ఒకాయనకు, పాపం, ఒళ్ళంతా స్కాన్ అట, పేరు మాత్రం అడగొద్దు అని కళ్ళు తుడుచుకుంది. ఆ తుడుచుకునేటప్పుడు ఆవిడ చూపు ఎటు పోయిందో స్టోర్‌కీపరు గమనించాడు. ఇరవై రకాల పైపులను చూపుతోనే కొలిచే మనిషి, పైగా తెలివైనవాడు. ఒక చోట జబ్బుంటే ఆ ఒక్క చోటే స్కాన్ తీస్తారు, ఒళ్ళంతా తీస్తున్నారంటే ఒళ్ళంతా పాకిందన్నమాటే అని లెక్కగట్టాడు. అలా గట్టిన లెక్కనే పైపులైన్ల నక్షాలు గీసే ఆయనకు చెప్పాడు. నక్షాలాయన పెద్దసారుకు చెప్పాడు. ఎవరూ పేరు పలకలేదు, మర్యాదగా కళ్ళతోనే చూపించుకున్నారు.

భోజనాల వేళకు సంగతి క్యాంటీనుకు చేరింది. క్యాంటీను నడిపే ఆయన వంటగదిలో ఉండిపోవడం వల్ల ఎవరి కళ్ళూ ఆయనకు కనపడలేదు. అందుకని టీ తాగడానికి వచ్చిన చూద్దాంగారికే చెప్పాడు, మీ ఆఫీసులో ఎవరికో లోపలంతా పాకిపోయిందట, పైకి ఏ లక్షణమూ లేదట, పాపం ఆ మనిషి ఏమీ ఎరగనట్టు ఫైళ్ళు చూసుకుంటూ తిరుగుతున్నాడట అని.

చూద్దాంగారు టీ సగంలోనే వదిలేసి గ్లాసు కింద పెట్టాడు. లక్షణం లేకపోవడమే లక్షణమన్న బావమరిది మాట నిజమేనన్నమాట. ఎవరై ఉంటారా అని సీటుకు తిరిగొచ్చి ఒక్కొక్కరినీ పరిశీలించాడు. నక్షాలాయన దగ్గర ఆయన చూపు ఆగింది. ఈ మధ్య నక్షాలాయన పొద్దున్నే నడకకు వెళ్తూ కాస్త చిక్కాడు, బెల్టుకు కొత్త రంధ్రం కూడా పొడిచాడు. పైగా ఆయన కూడా ఇటువైపే జాలిగా చూస్తున్నాడు. తనకు రాసి పెట్టింది ఇంకొకరికి చెప్పుకోలేక చూస్తున్న చూపు అది అని చూద్దాంగారు నిర్ధారించుకున్నాడు.

వాళ్ళిద్దరికీ ఏళ్ళ తరబడి ఒక కిటికీ విషయంలో పడదు. నక్షాలకు వెలుతురు కావాలని ఆయన తెరిచేవాడు. కాగితాలు ఎగిరిపోతున్నాయని ఈయన మూసేవాడు. ఈ మధ్య మాటలు కూడా మానేసి, రెక్కల చప్పుడుతోనే జవాబులు చెప్పుకుంటున్నారు. అలాంటిది ఆ మధ్యాహ్నం చూద్దాంగారు లేచి వెళ్ళి కిటికీ బార్లా తెరిచాడు. నక్షాలాయన పరుగున వచ్చి మూశాడు.

"తెరిచే ఉంచండి. గాలి ఆడాలి మీకు," అన్నాడు చూద్దాంగారు.

"వద్దండీ. మీకు గాలి తగలకూడదు."

"నా సంగతి వదిలేయండి. ఈ వెలుతురు మీకు దక్కనివ్వకుండా ఇన్నాళ్ళూ నేనే అన్యాయం చేశాను."

"అన్యాయం నాదండీ," అన్నాడు నక్షాలాయన. "ఉన్నన్నాళ్ళు మీ ఇష్టప్రకారమే ఉంచుకోండి."

చివరికి ఒక రెక్క తెరిచి, ఒక రెక్క మూసి, ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. టైపిస్టమ్మ బయటికి వెళ్ళిపోయింది.

మంగళవారం పెద్దసారు పిలిచాడు. ఆయన తన గదిలో ఎవరినీ కూర్చోమన్న దాఖలా లేదు. చూద్దాంగారిని కూర్చోబెట్టి, ఫ్యాను వేగం పెంచి, ఇక మీదట ఫిర్యాదుల ఫైళ్ళలో సగం స్టోర్‌కీపరూ సగం నక్షాలాయనా చూసుకుంటారనీ, మీరు ఊరికే వచ్చి కూర్చుంటే చాలనీ చెప్పాడు. ఇన్నేళ్ళ సేవను ఎవరూ గుర్తించకపోవడం తనలాంటివాళ్ళ తప్పేనని కూడా అన్నాడు. చూద్దాంగారు ఇది పదోన్నతికి ముందు జరిగే మర్యాద అనుకున్నాడు. నక్షాలాయన మీద ఫైళ్ళు పెట్టొద్దనీ, ఆయన్ను ఈ సమయంలో శ్రమ పెట్టడం మానవత్వం కాదనీ పెద్దసారుకు గట్టిగా చెప్పి వచ్చాడు. చావుముందు కూడా పక్కవాడి గురించే ఆలోచిస్తున్నాడని పెద్దసారు తర్వాత స్టోర్‌కీపరుతో అన్నాడట.

ఇంత గౌరవం దొరుకుతున్నా లోపల భయం మాత్రం పెరుగుతూనే ఉంది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ వీధి చివరి డాక్టరు దగ్గర ఆగాడు. ఆయన ముసలాయన. నాడి చూసి, ఛాతీ విని, నాలుక చూసి, బాధ ఏమిటని అడిగాడు. బాధ ఏమీ లేదనీ, అదే బాధగా ఉందనీ చూద్దాంగారు చెప్పాడు.

"మీ ఇంట్లో మంచం కిందకి టార్చి వేసి చూస్తే ఏదో ఒకటి కనపడుతుందా, లేదా?" అన్నాడు డాక్టరు.

"కనపడుతుందండి."

"అది అక్కడుందని తెలీక ఇన్నాళ్ళూ నిద్ర పట్టలేదా మీకు? ఒంట్లోనూ అంతే. బాధ ఉంటే వెతకాలి. లేకపోతే రోజూ కాస్త నడవండి."

చూద్దాంగారికి ధైర్యం వచ్చింది. ఇల్లు చేరేదాకా అది నిలిచింది కూడా.

ఇంట్లో పరిస్థితి వేరుగా ఉంది. మధ్యాహ్నం టైపిస్టమ్మ మనసాగక ఆయన భార్యకు ఫోన్ చేసింది. ఏమీ చెప్పలేదు. మీరు ధైర్యంగా ఉండాలమ్మా అని మాత్రం అని ఏడ్చింది. లెక్కల టీచరుకు లెక్క తేలడానికి అంతే చాలింది. స్కాన్ గురించి ఆదివారం ఆ మనిషి ఎందుకు అడిగాడో, తను తల కూడా ఎత్తకుండా ఏమందో గుర్తొచ్చింది. జీవితంలో మొదటిసారి ఆయన ఏదో చెప్పబోతే తను కుళాయి గురించి మాట్లాడింది. ఆవిడ స్కూలుకు సెలవు పెట్టి ఇంటికి వచ్చేసింది. ప్లంబరును పిలిపించి వాషరు మార్పించింది. తర్వాత మంచం మీద కూర్చుని, ఎవరూ చూడకుండా ఏడ్చింది.

చూద్దాంగారు లోపలికి రాగానే ఆవిడ ఎదురొచ్చి చేతిలో సంచి అందుకుంది. కాళ్ళు నొప్పిగా ఉన్నాయా అని అడిగింది. కుళాయి కారడం లేదు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన మీద ఒక్క తప్పు కూడా మిగలని సాయంత్రం అదే. చూద్దాంగారికి సంగతి అర్థమైపోయింది. తను గేటు దాటగానే ఆ ముసలి డాక్టరు ఇంటికి ఫోన్ చేసి ఉంటాడు. మంచం, టార్చి అని ఏదో కబుర్లు చెప్పి పంపించాడు గానీ, ఛాతీ వింటున్నప్పుడు ఆయన మొహం మారిందిగా.

"మీరు నాతో ఏమీ చెప్పక్కర్లేదు," అంది ఆవిడ.

"నువ్వూ చెప్పక్కర్లేదు," అన్నాడు ఆయన.

ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఆవిడ చేయి ఆయన చేతి మీద ఉంది. ఆ చేయి అంత చిన్నదని ఆయన ఇదివరకెప్పుడూ చూడలేదు. ఏదైనా తేలిపోతే బాగుండుననీ, ఏదీ తేలకపోతే ఇంకా బాగుండుననీ ఒకేసారి అనిపించింది. చివరికి బావమరిదికి ఫోన్ చేసి, ఎంత తొందరగా వీలైతే అంత తొందరగా ఆ స్కాన్ తీసేయమన్నాడు. అవతల బావమరిది తను విన్నది చూద్దాంగారి గొంతేనా అని రెండుసార్లు అడిగాడు. శనివారానికి గానీ ఖాళీ లేదన్నాడు. ఎందుకో ఈ వారం ఒకటే గిరాకీగా ఉందట.

శనివారం భార్యాభర్తలు సెంటరుకు వెళ్ళారు. ఎదురుగా బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి గడియారం, ఉంగరం తీయించి, వెనకవైపు ముడివేసుకునే నీలం అంగీ ఒకటి ఇచ్చింది. ఆ ముడి ఎవరికి వాళ్ళు వేసుకోవడానికి వీలులేని చోట ఉంటుంది. చూద్దాంగారు ఒక చేత్తో వెనక పట్టుకుని, ఇంకో చేత్తో తలుపు తోసుకుని లోపలి గదిలోకి అడుగుపెట్టాడు. బెంచీల మీద వరసగా పెద్దసారు, స్టోర్‌కీపరు, నక్షాలాయన, టైపిస్టమ్మ కూర్చుని ఉన్నారు. అందరూ నీలం అంగీల్లోనే ఉన్నారు. ఆయన్ను చూసి అందరూ లేవబోయి, వెనక సంగతి గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నారు.

"మీరంతా ఇక్కడ..." అన్నాడు చూద్దాంగారు.

నిక్షేపంలాంటి మనిషికే అలా జరిగితే ఇక తమ గతి ఏమిటని ఎవరికి వాళ్ళు రహస్యంగా వచ్చామని పెద్దసారు కాస్త ఇబ్బందిగా చెప్పాడు. చూద్దాంగారు కదిలిపోయి నక్షాలాయన భుజం మీద చేయి వేశాడు.

"విన్నారా? మీ వల్ల ఇంతమంది జాగ్రత్తపడుతున్నారు. మీ బాధ వృథా పోలేదు."

"నా బాధ ఏమిటి?" అన్నాడు నక్షాలాయన. "పాకింది మీకు కదా."

తలుపు దగ్గర నిలబడి ఇదంతా విన్న చూద్దాంగారి భార్య చేతిసంచి కింద పెట్టింది. ఎనిమిదో తరగతి పిల్లలు కిటికీ అద్దం పగలగొట్టినప్పుడు వాడే గొంతు బయటికి తీసింది.

"ఆగండి. మొదటి నుంచి రండి. ఎవరు ఎవరితో ఏమన్నారు?"

పెద్దసారుతో సహా అందరూ వరసగా నిలబడ్డారు. పెద్దసారు నక్షాలాయన్ని చూపించాడు. నక్షాలాయన స్టోర్‌కీపరును చూపించాడు. స్టోర్‌కీపరు టైపిస్టమ్మను చూపించాడు. తను మాత్రం స్కాన్ అనే అన్నానని టైపిస్టమ్మ వెక్కుతూ చెప్పింది.

"మరి పాకింది అన్నదెవరు?"

స్టోర్‌కీపరు చెయ్యెత్తాడు. ఎత్తాల్సిన చెయ్యి అంగీ పట్టుకున్న చెయ్యి కావడంతో వెంటనే దించేసుకున్నాడు. ఆవిడ భర్త వైపు తిరిగింది.

"మీకు నిజంగా ఏమీ లేదా?"

"లేదని ఆదివారమే చెప్పానుగా. ఆ డాక్టరు నీతో ఏమీ అనలేదా?"

"ఏ డాక్టరు?"

ఆవిడ మొహంలో ముందు సంతోషం కనిపించింది. అది ఎంతోసేపు నిలవలేదు. నాలుగు రోజులుగా ఈ మనిషి కాళ్ళు పట్టానన్న సంగతి గుర్తొచ్చినట్టుంది. పేపర్లు దిద్దుకోవాలని చెప్పి, సంచి తీసుకుని, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

సంగతి తేలిపోయింది కాబట్టి బట్టలు మార్చుకుని ఇంటికి పోవచ్చు. కానీ ఎవరూ బయటికి నడవలేదు. ఎలాగూ వచ్చాం కదా అన్నాడు పెద్దసారు. విప్పిన బట్టలు మళ్ళీ ఊరికే వేసుకోవడం దేనికన్నాడు స్టోర్‌కీపరు. చూద్దాంగారు మాత్రం, అయితే నేను బయల్దేరతానని మెల్లగా అన్నాడు.

"మమ్మల్నందర్నీ ఈ అంగీల్లో కూర్చోబెట్టి మీరు పోతానంటే ఎలా?" అన్నాడు పెద్దసారు.

చూద్దాంగారు కూర్చున్నాడు. హోదా ప్రకారం ముందు పెద్దసారు స్కాన్ యంత్రం సొరంగంలోకి వెళ్ళాడు, ఆఖరున చూద్దాంగారు.

రిపోర్టులు వచ్చాక ఆ ఆఫీసు మళ్ళీ మామూలు ఆఫీసు కాలేదు. పెద్దసారు మూత్రపిండం మీద ఒక నీటిబుడగ కనపడింది. నక్షాలాయన కాలేయంలో ఒక మచ్చ ఉంది, ఆయన దాని నక్షా గీసి నలుగురికీ చూపించాడు. స్టోర్‌కీపరు పిత్తాశయంలో ఒక రాయి ఉంది. అది అక్కడ ఎన్నేళ్ళ నుంచి ఉంటోందో గానీ, ఏ రోజూ ఆయన్ను ఇబ్బంది పెట్టలేదు. టైపిస్టమ్మకు ప్లీహం పక్కన పుట్టుకతోనే ఇంకో చిట్టి ప్లీహం ఉందని తేలింది. ఇన్నాళ్ళూ దాన్ని పట్టించుకోలేదని ఆవిడ ఏడ్చింది. ఇవన్నీ ఉంటూనే ఉంటాయి, పోయి పనులు చూసుకోండని ముసలి డాక్టరు అందరికీ విడివిడిగా చెప్పాడు. అందుకని అందరూ ఆ డాక్టరును మానేశారు. ఎందుకైనా మంచిది, ఇంకో పరీక్ష చేయిద్దామన్న సెంటరు మాట వాళ్ళకు బాగా నచ్చింది.

చూద్దాంగారి రిపోర్టును బావమరిదే స్వయంగా తెచ్చాడు. ఇవ్వడానికి మొహమాటపడ్డాడు.

"ఏమీ కనపడలేదు బావా. మా సెంటర్లో ఇలా ఎప్పుడూ జరగలేదు. కావాలంటే ఇంకోసారి తీయిస్తాను."

ఇంకోసారి అక్కర్లేదని ఆయన భార్యే జవాబు చెప్పింది. ఆవిడ గొంతు అప్పటికే మామూలు స్థాయికి వచ్చేసింది. భోజనాల దగ్గర ఆయన నీళ్ళు కాస్త దగ్గరగా పెట్టమంటే, కాళ్ళు చేతులు నిక్షేపంలా ఉన్నాయని రాసిచ్చారుగా అంది.

ఆఫీసులో అంతకన్నా చలిగా ఉంది. ఆయన కోసం పడ్డ జాలి వెనక్కి రాదని తెలిసి అందరూ గుర్రుగా ఉన్నారు. అందరికీ లేనిపోని రోగాలు తెచ్చిపెట్టి తాను మాత్రం శుభ్రంగా బయటపడ్డాడని స్టోర్‌కీపరు క్యాంటీన్లో బాహాటంగానే అన్నాడు. నక్షాలాయన కిటికీ రెండు రెక్కలూ తెరిచేసి మరీ సెలవు మీద వెళ్ళాడు. అదనపు పరీక్షల కోసం స్టోర్‌కీపరు, టైపిస్టమ్మ కూడా వెళ్ళారు. ఆఖరున పెద్దసారు తన నీటిబుడగతో బయల్దేరుతూ, అందరి ఫైళ్ళూ ఎత్తించి చూద్దాంగారి బల్ల మీద పెట్టించాడు. ఏ లోపమూ లేని మనిషికి ఏ మినహాయింపూ ఇవ్వడానికి రూల్స్ ఒప్పుకోవన్నాడు.

ఆ నెలంతా ఆ ఆఫీసులో పనిచేసిన గుండె, కాలేయం, మూత్రపిండాలు, ప్లీహం అన్నీ చూద్దాంగారివే.